అమ్మ గదికి టీవీ, నెల బిల్లు పెరగకుండా

హాల్లో టీవీకి డీటీహెచ్ ఉంది. అమ్మ గదికి కూడా కావాలంటే రెండో బాక్సుకు నెలనెలా వేరే చార్జీ అన్నారు. అమ్మ చూసేది ఎక్కువగా వార్తలు, సప్తగిరి, యాదగిరి. వాటికోసం ప్రతి నెలా డబ్బు కట్టడం అనవసరం అనిపించి, ప్రసార భారతి వారి డీడీ ఫ్రీ డిష్ పెట్టాను. డిష్, బాక్సు, కేబుల్ ఒక్కసారి కొంటే చాలు. చందా లేదు, రీచార్జి టెన్షన్ లేదు.

అసలు పనంతా డిష్ తిప్పడంలోనే. ఈ చానళ్లు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. మన దగ్గర్నుంచి అది ఆగ్నేయం వైపు, బాగా ఎత్తులో ఉంటుంది. ఆ దిక్కున చెట్టు కొమ్మ కూడా అడ్డం ఉండకూడదు. బాక్సు సెట్టింగుల్లో ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ (సిగ్నల్ తరంగాల దిశ) వర్టికల్, సింబల్ రేటు (సిగ్నల్ వేగం) 29500 అని ఇచ్చి, డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున జరిపాను. టీవీ తెర మీద సిగ్నల్ స్ట్రెంగ్త్ గీత చూసి మురిసిపోవద్దు, డిష్ ఎటు ఉన్నా అది కనిపిస్తుంది. క్వాలిటీ గీతే ముఖ్యం. అది లేచాక ఎల్‌ఎన్‌బీని (డిష్ ముందు చేతికి ఉండే, సిగ్నల్ అందుకునే చిన్న పరికరాన్ని) కూడా కాస్త అటూ ఇటూ తిప్పితే ఇంకొంచెం పెరిగింది. అప్పుడు నట్లు బిగించాను.

కేబుల్ మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వేయండి, వాన నీళ్లు దిగేది అక్కడే.

డబ్బు కట్టి చూసే తెలుగు సీరియల్ చానళ్లు ఇందులో రావు. అవి కావాలంటే అమ్మ హాల్లోకి వస్తుంది. ఇంకో గదికి కూడా కావాలంటే మరో డిష్ అక్కర్లేదు. రెండు అవుట్‌పుట్‌ల ఎల్‌ఎన్‌బీ, ఇంకో బాక్సు సరిపోతాయి.