ఎఫ్1లో కార్లు గుద్దుకున్నప్పుడు పెనాల్టీ కరెక్టా కాదా, మనమే తేల్చుకోవడం ఎలా

ప్రతి రేస్ అయ్యాక ఇదే గొడవ. మావోడికి 10 సెకన్ల పెనాల్టీ వేశారు, పోయిన నెల ఆ ఇంకొకడు అచ్చం ఇదే పని చేస్తే వదిలేశారు, స్టీవార్డ్స్ (రేస్‌లో తప్పొప్పులు తేల్చి శిక్ష వేసేవాళ్ళు) అమ్ముడుపోయారు, అంతా స్క్రిప్టు. అత్త కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, మనోడికి పడిందని కాదు అసలు మంట, అవతలోడికి పడలేదని. అడగడంలో తప్పేం లేదు, ఒకే తప్పుకి ఒకే శిక్ష ఉండాలనడం న్యాయమే, కాకపోతే ఆ రెండూ నిజంగా ఒకే తప్పా అని చూసేవాళ్ళు తక్కువ. అందుకే రెండు కార్లు తగులుకున్నప్పుడు ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చూడాలి, స్టీవార్డ్స్‌ని ఎక్కడ తిట్టొచ్చు ఎక్కడ తిట్టకూడదు, నాకు తెలిసినంతలో రాస్తున్నా. ఎఫ్1, అంటే ఫార్ములా వన్ వరకే, బైకుల మోటోజీపీ లెక్కలు వేరు.

మొట్టమొదట చెయ్యాల్సింది, ఎవరు రిటైర్ అయ్యారు ఎవరు గెలిచారు అన్నది పూర్తిగా పక్కన పెట్టేయడం. ఇది చెప్పినంత ఈజీ కాదు. 2021 సిల్వర్‌స్టోన్ గుర్తుందిగా, మొదటి ల్యాప్‌లో కాప్స్ అనే టర్న్ దగ్గర హామిల్టన్ లోపలి నుంచి వెళ్ళాడు, వెర్‌స్టాపెన్ టర్న్ తీసుకున్నాడు, టైరుకి టైరు తగిలింది, వెర్‌స్టాపెన్ రెడ్ బుల్ కారు వెళ్ళి 51జీ ఫోర్సుతో బారియర్‌కి కొట్టుకుంది. వెర్‌స్టాపెన్ ఆసుపత్రికి, హామిల్టన్‌కి 10 సెకన్లు, ఆ 10 సెకన్లు పిట్‌లో కట్టేసి కూడా చివర్లో లెక్లెర్క్‌ని దాటి రేస్ గెలిచేశాడు. రక్తం మరిగిపోతుంది, ఒప్పుకుంటా. కానీ అప్పటి రేస్ డైరెక్టర్ మైఖేల్ మాసీ చెప్పింది ఏంటంటే ఫలితాన్ని బట్టి శిక్ష వెయ్యకూడదని టీములన్నీ కలిసి ముందే అనుకున్నాయని, డ్రైవర్ చేసిన పని మాత్రమే చూడాలని. ఎందుకంటే అదే తప్పు గడ్డి మైదానం పక్కన జరిగితే వాడు స్పిన్ అయ్యి మళ్ళీ వచ్చేస్తాడు, గోడ పక్కన జరిగితే రేస్ అయిపోతుంది, తప్పు చేసినోడి చేతిలో ఆ గోడ లేదు కదా.

అలాగని ఎఫ్1 ఎప్పుడూ ఇలాగే ఉందనుకోకండి. 2012 స్పాలో గ్రోజాన్ స్టార్ట్‌లో హామిల్టన్‌ని గోడవైపు నెట్టి అలోన్సో మీదకి ఎగిరిపడ్డప్పుడు ఒక రేస్ బ్యాన్, 50 వేల యూరోల ఫైన్ వేశారు, ఆ ఆర్డర్‌లో ఛాంపియన్‌షిప్ లీడర్లని రేస్ నుంచి తీసేశాడని స్పష్టంగానే రాశారు. అంటే ఫలితం చూశారన్నమాట. ఇప్పటి ఆర్డర్లలో కూడా స్పోర్టింగ్ కాన్సీక్వెన్స్ అనే మాట వస్తూ ఉంటుంది, గుద్దినా అవతలోడికి వెంటనే పెద్ద నష్టం లేకపోతే 10 బదులు 5 తో సరిపెడతారు. నా మటుకు నేను దీన్ని ఇలా పెట్టుకున్నా: తప్పు ఎవరిది అనేది తేల్చేటప్పుడు ఫలితం చూడొద్దు, శిక్ష ఎంత అనేది తర్వాత మాట.

ఇక వీడియో దగ్గరికి. టీవీలో వేసే స్లో మోషన్‌ని నమ్మకండి, స్లో మోషన్‌లో ప్రతీదీ కావాలని చేసినట్టే ఉంటుంది. ఫుల్ స్పీడ్‌లో ఒకసారి చూడండి, తర్వాత వెనక కారు ఆన్‌బోర్డ్ (కారు మీదున్న కెమెరా వీడియో), తర్వాత ముందు కారు ఆన్‌బోర్డ్. ఆ తర్వాత ఏపెక్స్ దగ్గర, అంటే కారు టర్న్ లోపలి అంచుకి బాగా దగ్గరయ్యే పాయింట్ దగ్గర, పాజ్ కొట్టండి. ఎందుకు అక్కడే అంటే రూలంతా అక్కడే ఉంది. 2025 జూన్‌లో ఆస్ట్రియా రేస్ ముందు, ఎఫ్1ని నడిపే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ తన డ్రైవింగ్ స్టాండర్డ్స్ గైడ్‌లైన్స్‌ని, పెనాల్టీ గైడ్‌లైన్స్‌ని బయటపెట్టింది, అంతవరకూ మనం గాల్లో కొట్టుకునేవాళ్ళం. ఆ 2025 గైడ్‌లైన్స్ ప్రకారం, లోపలి నుంచి దాటేవాడైతే ఏపెక్స్‌కి ముందూ ఏపెక్స్ దగ్గరా వాడి ముందు టైర్ల యాక్సిల్ కనీసం అవతలి కారు మిర్రర్ పక్కకి వచ్చి ఉండాలి. బయటి నుంచి దాటేవాడికి ఇంకా కష్టం, ఏపెక్స్ దగ్గర వాడి ముందు యాక్సిల్ అవతలోడి ముందు యాక్సిల్ కంటే ముందుండాలి. రెండు కేసుల్లోనూ కారు కంట్రోల్‌లో ఉండాలి, ట్రాక్ దాటకుండా ఆ టర్న్ పూర్తి చెయ్యగలగాలి. లోపలి నుంచి అమాంతం దూకేస్తే, అదే డైవ్ బాంబ్ అంటాం కదా, యాక్సిల్ పక్కకి వచ్చినా లెక్కలోకి రాదు.

ఈ లెక్కని ఒక్కసారి 2025 బ్రెజిల్ మీద వేసి చూడండి, అంతకంటే మంచి ప్రాక్టీస్ ఉండదు. 6వ ల్యాప్, సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగితే అందరినీ నెమ్మదిగా వెనక నడిపించే కారు) తర్వాత రీస్టార్ట్, మొదటి టర్న్‌కి ముగ్గురు పక్కపక్కన: లోపల పియాస్ట్రీ, మధ్యలో ఆంటోనెల్లీ, బయట లెక్లెర్క్. ఆంటోనెల్లీ లోపలికి వచ్చాడు, పియాస్ట్రీ బ్రేక్ కొట్టాడు, ముందు టైరు లాక్ అయ్యి పొగ వచ్చింది, ఆంటోనెల్లీని తగిలాడు, ఆంటోనెల్లీ వెళ్ళి లెక్లెర్క్‌ని కొట్టాడు, ఫెరారీ చక్రం ఊడిపోయింది. పియాస్ట్రీకి 10 సెకన్లు, లైసెన్స్ మీద 2 పెనాల్టీ పాయింట్లు. స్టీవార్డ్స్ చెప్పిన కారణం ఏంటంటే ఏపెక్స్‌కి ముందు గానీ ఏపెక్స్ దగ్గర గానీ వాడి యాక్సిల్ ఆంటోనెల్లీ మిర్రర్ దాకా రాలేదని. పాజ్ కొట్టి చూస్తే గైడ్‌లైన్ ప్రకారం వాళ్ళు చెప్పింది కరెక్టే. కానీ వెనక్కి తిప్పి బ్రేకింగ్ మొదలైన దగ్గర చూడండి, అప్పుడు పియాస్ట్రీ బాగానే పక్కన ఉన్నాడు, వాడు అక్కడున్నాడని తెలిసి కూడా ఆంటోనెల్లీ జాగా మూసేశాడు, మరి పియాస్ట్రీ మాయమైపోవాలా? రేస్ పోగొట్టుకున్న లెక్లెర్క్ కూడా తప్పంతా పియాస్ట్రీదే అనలేదు, ఆంటోనెల్లీకీ వాటా ఉందన్నాడు. నా అభిప్రాయం, ఇక్కడ స్టీవార్డ్స్ రూల్ తప్పలేదు, రూలే మరీ స్కేలు పెట్టి కొలిచినట్టు తయారైంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మనం స్టీవార్డ్స్‌ని తిట్టే వాటిలో చాలావరకు నిజానికి రూల్ రాసినోళ్ళని తిట్టాల్సినవి.

యాక్సిల్ తర్వాత కంట్రోల్. ఇది ఈజీ, టైరు లాక్ అయ్యిందా, వెనక జారిందా, స్టీరింగ్ తిరిగినా కారు తిరగలేదా చూడండి. 2023 ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేస్ పెట్టినప్పుడు హెయిర్‌పిన్‌లో శామ్ బర్డ్ జారుకుంటూ వెళ్ళి సొంత టీమ్‌మేట్ మిచ్ ఎవాన్స్‌నే గుద్దేశాడు చూడండి, అలాంటి వాటిలో ఎవరిది తప్పని ఆలోచించే పనే లేదు. ఆ తర్వాత జాగా, పక్కనున్నోడికి ట్రాక్ అంచు లోపల ఒక కారు పట్టేంత వదిలాడా లేదా. మొదటి ల్యాప్ అయితే కాస్త చూసీచూడనట్టు పోతారు, కార్లన్నీ ఒకేసారి దూరుతాయి కాబట్టి, కానీ అది లైసెన్సేం కాదు: 2025 ఆస్ట్రియాలో ఆంటోనెల్లీ మొదటి ల్యాప్‌లోనే లాక్ అయ్యి వెర్‌స్టాపెన్‌ని లేపేస్తే తర్వాతి రేస్‌కి 3 ప్లేసుల గ్రిడ్ డ్రాప్ వేశారు, అంటే స్టార్ట్‌లో 3 ప్లేసులు వెనక్కి.

ఇవన్నీ చూశాక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, తప్పు పూర్తిగా గానీ ఎక్కువ భాగం గానీ ఒక్కడిదేనా? అవునంటే పెనాల్టీ, కాదంటే రేసింగ్ ఇన్సిడెంట్. సగం సగం అయితే పెనాల్టీ ఉండదు. చాలామంది ఫ్యాన్స్ వాడిది కూడా తప్పుంది అని పట్టుకుంటారు, ఉండొచ్చు బాబూ, 30 శాతం తప్పున్నోడికి శిక్ష వెయ్యరు.

ఇప్పుడు శిక్ష సైజు. చిన్నదైతే 5 సెకన్లు, మామూలుగా 10, అంతకంటే ఎక్కువైతే డ్రైవ్ త్రూ (ఆగకుండా పిట్ లేన్ గుండా వెళ్ళి రావడం), ఇంకా పెద్దదైతే స్టాప్ గో (పిట్‌లో ఆగి వెళ్ళడం). 5, 10 సెకన్లవి పిట్ స్టాప్‌లో కట్టాలి, అంతసేపు మెకానిక్‌లు కారు ముట్టుకోకూడదు, మళ్ళీ పిట్‌కి రాకపోతే చివర్లో టైమ్‌కి కలుపుతారు. తప్పు చేసినోడు అక్కడికక్కడే రిటైర్ అయిపోతే తర్వాతి రేస్‌కి గ్రిడ్ డ్రాప్. వీటితో పాటు లైసెన్స్ మీద పాయింట్లు, 12 నెలల్లో 12 పాయింట్లు వస్తే ఒక రేస్ బ్యాన్. ఆ పాయింట్ల సిస్టమ్ 2014లో పెడితే మొదటిసారి బ్యాన్ అయ్యింది 2024లో మాగ్నుసెన్, మోంజాలో గ్యాస్లీని తగిలినందుకు, విచిత్రం ఏంటంటే ఆ గ్యాస్లీనే అంత పెద్ద విషయం కాదన్నాడు. తర్వాతి రేస్ బాకూలో మాగ్నుసెన్ సీట్లో బేర్‌మన్ కూర్చున్నాడు.

కన్‌సిస్టెన్సీ గొడవలో మనం ఎక్కువగా తప్పులో కాలేసేది ఈ సైజు దగ్గరే. 10 సెకన్లు అంటే అందరికీ ఒకటే కదా అనుకుంటాం. 2024 ఆస్ట్రియాలో వెర్‌స్టాపెన్, నోరిస్ తగులుకున్నారు, నోరిస్ రేస్ పోయింది, వెర్‌స్టాపెన్‌కి 10 సెకన్లు వేశారు, వాడు 5వ ప్లేస్‌లో వచ్చాడు, వెనక హల్కెన్‌బర్గ్ ఎక్కడో ఉన్నాడు కాబట్టి ఆ పెనాల్టీ వల్ల ఒక్క ప్లేస్ కూడా పోలేదు. 2025 స్పెయిన్‌లో అదే వెర్‌స్టాపెన్ రస్సెల్‌ని గుద్దాడు, అవే 10 సెకన్లు, కానీ సేఫ్టీ కార్ వల్ల అందరూ దగ్గరదగ్గరగా ఉన్నారు, 5వ ప్లేస్ కాస్తా 10వది అయ్యింది, పైగా 3 పాయింట్లు పడి మొత్తం 11 అయ్యాయి, ఇంకొక్కటి పడితే ఇంటికే. 2021 మోంజాలో వెర్‌స్టాపెన్ కారు హామిల్టన్ కారు మీదకి ఎక్కినందుకు వేసిన 3 ప్లేసుల గ్రిడ్ డ్రాప్ అయితే మరీ ఘోరం, తర్వాతి రేస్ సోచిలో రెడ్ బుల్ ఇంజన్ మార్చింది, ఎలాగూ వెనక నుంచే స్టార్ట్, ఆ 3 ప్లేసులు గాల్లో కలిసిపోయాయి. 2012 మలేషియాలో వెట్టెల్‌ని తగిలి వాడి టైరు పంక్చర్ చేసినందుకు మన నారాయణ్ కార్తికేయన్‌కి రేస్ తర్వాత 20 సెకన్లు కలిపారు, చివర్లో తిరుగుతున్న హెచ్ఆర్‌టీ కారుకి 20 కలిపినా 200 కలిపినా పోయేదేముంది. కాబట్టి పెనాల్టీ ఖరీదు ఎంత పడింది అని పోల్చకండి, ఏం వేశారు అన్నది పోల్చండి.

పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త, రెండు ఇన్సిడెంట్లూ ఒకే సీజన్ గైడ్‌లైన్స్ కింద ఉండాలి, ఒకే తరహా మూవ్ అయ్యుండాలి, లోపలిదైతే లోపలిది, బయటిదైతే బయటిది. షూమాకర్ 1994 అడిలైడ్‌లో హిల్‌ని గుద్ది టైటిల్ పట్టుకెళ్ళాడు, ఏ శిక్షా లేదు, 1997 హెరెజ్‌లో విల్నెవ్ మీదకి తిప్పితే ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ నుంచే తీసేశారు. మూడేళ్ళలో లోకం మారిపోయింది, వాటిని పట్టుకొచ్చి ఇప్పటి గొడవల్లో వాడటం టైమ్ వేస్ట్.

ఒకే సీజన్‌లో, ఒకే తరహా మూవ్‌కి, ఒకడికి 10 ఇంకొకడికి ఏమీ లేకపోతే అప్పుడు మాత్రం గట్టిగా అడగండి. స్టీవార్డ్స్ ప్యానెల్ రేస్ రేస్‌కి మారుతుంది, అందులో ఒకరు మాజీ డ్రైవర్ ఉంటారు, మనుషులు మారితే చూపు కొంచెం మారుతుంది, అది దాచాల్సిన విషయం కాదు. అదే ప్యానెల్‌ని సీజన్ అంతా పెట్టమని డ్రైవర్లు అడుగుతూనే ఉన్నారు, నేనూ వాళ్ళ వైపే.

తిట్టే ముందు ఆర్డర్ చదవండి, ఇది నిజంగా ఎవరూ చెయ్యరు. ఎఫ్ఐఏ సైట్‌లో రేస్ డాక్యుమెంట్స్ అని ఉంటాయి, ఒక్కోటి ఒకటి రెండు పేజీలే. అందులో ఏం జరిగింది, ఏ రూల్ తప్పారు, ఏం వేశారు, ఎందుకు అని విడివిడిగా రాస్తారు. పైవన్నీ వదిలేసి సూటిగా చివర్లో ఉండే కారణం చదవండి. అందులో ఏ డేటా చూశారో కూడా ఉంటుంది, వీడియోనా, టెలిమెట్రీనా (కారు నుంచి వచ్చే స్పీడు, బ్రేకు లెక్కలు), రేడియోనా, ఆన్‌బోర్డా. ఏ కెమెరా చూడలేదో అన్నది కూడా అక్కడే దొరుకుతుంది ఒక్కోసారి, దాని విలువ 2025 జాండ్‌వూర్ట్‌లో తెలిసింది.

అక్కడ మొదటి టర్న్‌లో సైన్జ్ బయటి నుంచి వెళ్తుంటే లాసన్‌తో తగిలింది. రేస్ మధ్యలోనే, ఇద్దరినీ పిలిచి అడగకుండానే, సైన్జ్‌కి 10 సెకన్లు 2 పాయింట్లు వేసేశారు. తర్వాత విలియమ్స్ అప్పుడు అందుబాటులో లేని కెమెరా ఫుటేజ్ పట్టుకొచ్చి రివ్యూ అడిగింది, చూస్తే లాసన్ కారు ఒక్క క్షణం జారింది, ఎవరిదీ ఎక్కువ తప్పు కాదు, రేసింగ్ ఇన్సిడెంట్ అని మార్చేశారు. పాయింట్లు తీసేశారు. 10 సెకన్లు మాత్రం అప్పటికే కట్టేశాడు, వెనక్కి ఇచ్చే దారి లేదు. చేతులు కాలాక ఆకులు. 2021 బ్రెజిల్‌లో వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ని బయటికి తోసినప్పుడు కూడా మెర్సిడెస్ ఇలాగే కొత్త ఆన్‌బోర్డ్ పట్టుకెళ్ళింది, కొత్తదే, సంబంధం ఉన్నదే, కానీ నిర్ణయం మార్చేంత ముఖ్యమైంది కాదని పక్కన పెట్టేశారు.

అంటే మీ డ్రైవర్‌కి రేస్ మధ్యలో పడితే, కారణం చదివి, అందులో ఏ కెమెరా లేదో చూసి, ఆ ఫుటేజ్ బయటికి వచ్చేదాకా ఆగండి. అది వచ్చాక కూడా యాక్సిల్ మిర్రర్ దాకా రాలేదనే కనిపిస్తే, ఇక స్టీవార్డ్స్‌ని వదిలేయండి.