జపానులో ఉద్యోగ మర్యాదలు – 4వ పాఠం: ‘హై’ అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు

సమావేశపు గదిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలని మూడవ పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు ముందుగా జవాబు. సమావేశపు గదిలో తలుపుకు అన్నిటికన్నా దూరంగా ఉండే స్థానాన్ని కమిజా అంటారు, అది పెద్దలకు, అతిథులకు చెందుతుంది. తలుపు పక్కన ఉండేది షిమొజా, అక్కడ చిన్న ఉద్యోగి కూర్చుంటాడు. మీరు అతిథిగా వెళ్లినా సరే, కూర్చోమనేదాకా నిలబడి ఉండాలి. విజిటింగ్ కార్డును రెండు చేతులతో ఇచ్చిపుచ్చుకోవడం, అందుకున్న కార్డును సమావేశం ముగిసేదాకా బల్ల మీద ఎదురుగా ఉంచుకోవడం ఈపాటికి మీకు అలవాటై ఉంటాయి కనుక వాటి జోలికి మళ్లీ పోను.

ఈ పాఠం మాటలకు సంబంధించినది. అల్లూరు, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు ఎరిగినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. చెరువు గట్టున ‘నలభై కౌంటు’ అంటే కిలోకు నలభై రొయ్యలు. అవే రొయ్యలు తల తీయించుకొని, ప్రాసెసింగ్ ప్లాంటు దాటి ఎగుమతి పెట్టెలోకి చేరేసరికి పెట్టె మీద 26/30 లాంటి ముద్ర ఉంటుంది. అక్కడి కౌంటు కిలోకు లెక్క కాదు, పౌనుకు లెక్క. ఇది తెలియనివాడు గట్టు మీది లెక్కతో పెట్టె ధర కట్టి నష్టపోతాడు. జపాను కార్యాలయంలో ‘హై’ అనే మాటను మన ‘అవును’తో కొలిచేవాడి పరిస్థితీ అంతే.

నిఘంటువు ప్రకారం ‘హై’ అంటే ‘అవును’ అనే అర్థం. కానీ మీరు మాట్లాడుతూ ఉండగా ఎదుటివారు మధ్యమధ్యలో తల పంకిస్తూ ‘హై, హై’ అన్నప్పుడు దానికి ‘వింటున్నాను, చెప్పండి’ అనే అర్థం తప్ప ‘ఒప్పుకున్నాను’ అనే అర్థం లేదు. ఈ అలవాటును వారు అయిజుచి అంటారు. కమ్మరి కొలిమిలో గురువు, శిష్యుడు ఎదురెదురుగా నిలబడి కాలిన ఇనుము మీద ఒకరి తరువాత ఒకరు వేసే సమ్మెట దెబ్బల నుంచి ఆ పేరు వచ్చింది. కథ వినే పిల్లవాడు ఊఁ కొట్టకపోతే మన అవ్వ కథ ఆపేస్తుంది కదా, ఆ ఊఁ కొట్టడమే ఇది. రెండు భాషలూ దీనికి కొట్టడాన్నే వాడుకోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. మీరు కూడా ఊఁ కొట్టాలి, ముఖ్యంగా ఫోనులో. మౌనంగా వింటే లైను తెగిపోయిందేమోనని వారు కంగారుపడతారు. అయితే మనం తలను పక్కలకు ఊపి ‘సరే’ అనే పద్ధతిని అక్కడ మానుకోండి, అది వారి కంటికి ‘కాదు’ అన్నట్టు కనిపిస్తుంది.

ఈ తేడా తెలియక నేను చేసిన పొరపాటు చెబుతాను. నెల్లూరు దగ్గర ఒక ప్లాంటులో నాణ్యతా విభాగంలో పనిచేసి, ఒసాకాలో రొయ్యలు దిగుమతి చేసుకునే ఒక సంస్థలో చేరిన మొదటి సంవత్సరం అది. పెట్టెల లేబుల్ మీద చెరువు సంఖ్య కూడా వేయిస్తే బాగుంటుందని ఒక సమావేశంలో ప్రతిపాదించాను. నలుగురు పెద్దలూ ‘హై, హై’ అన్నారు, విభాగాధిపతి చివర ‘కెంతో షిమాస్’ అన్నారు. ‘పరిశీలిస్తాం’ అని దాని అర్థం. పని అయిపోయిందనుకొని, అక్కడ సాయంత్రం ఏడు, మన వైపు మూడున్నర అయిన వేళ ప్లాంటుకు ఫోను చేసి కొత్త లేబుళ్లు అచ్చు వేయించమన్నాను. అచ్చయ్యాయి. రెండు వారాలు గడిచినా ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆ కట్టలు గోదాములోనే చెదలు పట్టాయని తరువాత తెలిసింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

‘కెంతో షిమాస్’ అని, ఎప్పటిలోగా అనేది చెప్పకుండా వదిలేస్తే ఆ ప్రతిపాదన చాలావరకు ముగిసినట్టే. ‘చోత్తో ముజుకషీ’, అంటే ‘కాస్త కష్టం’ అని, పళ్ల సందున గాలి పీల్చి తల పక్కకు వంచితే ఇక సందేహం అక్కరలేదు, అది కాదనడమే. ఏమిటి కష్టం, నేను తీరుస్తాను అని వెంటపడితే మర్యాదగా కాదన్న మనిషిని ఇరకాటంలో పెట్టినవారవుతారు. పెళ్లి సంబంధం చూసి వెళ్లినవారు ‘జాతకాలు కుదరలేదండీ’ అని కబురంపితే మనం పంచాంగం పట్టుకొని వారి ఇంటికి వెళ్లం. కబురులోని అసలు మాట అర్థమై ఊరుకుంటాం. ఆ చెవి మనకు పుట్టుకతోనే ఉంది, దాన్ని కార్యాలయంలో కూడా తెరిచి ఉంచితే చాలు.

మరి ప్రతిపాదన నెగ్గేది ఎక్కడ? సమావేశానికి ముందే. దీనికి వారు పెట్టుకున్న పేరు నెమవాషి, అంటే వేళ్ల చుట్టూ పని చేయడం. పెద్ద చెట్టును మరో చోటికి మార్చాలంటే దాన్ని ఒక్కసారిగా పెకలించరు. నెలల ముందే చుట్టూ తవ్వి, లావు వేళ్లను కత్తిరించి, మొదలు దగ్గర సన్నని పీచువేళ్లు పుట్టేదాకా ఆగి, ఆ తరువాత మట్టి గడ్డతో సహా లేపుతారు. పొదలకూరు నిమ్మరైతుకు ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు. మట్టి రాలిపోయిన అంటును ఆయన చేతితో ముట్టడు.

ఆచరణలో నెమవాషి ఇలా ఉంటుంది. మీ ఆలోచన వల్ల ఎవరెవరి పనిలో మార్పు వస్తుందో వారందరి దగ్గరకు విడివిడిగా, తొందరలేని సమయంలో వెళ్లి, ‘ఇంకా నిర్ణయించలేదు, మీ సలహా కావాలి’ అని అడుగుతారు. ఒకరి అభ్యంతరాన్ని సవరించుకున్నాక రెండవవారి దగ్గరకు సవరించిన రూపంతో వెళతారు. ఆ తరువాత రింగి పత్రం బయలుదేరుతుంది. ప్రతిపాదన రాసిన కాగితం కింది ఉద్యోగి నుంచి పై అధికారి దాకా తిరుగుతూ ఒక్కొక్కరి హంకో, అంటే పేరు ముద్ర, వేయించుకుంటుంది. 2020లో ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఈ ముద్రలను తగ్గించడానికి పూనుకున్నాక చాలా సంస్థల్లో ఇది కంప్యూటర్‌లోకి మారింది. కొన్ని సంస్థల్లో చిన్నవారు తమ ముద్రను పెద్దవారి ముద్ర వైపు కొద్దిగా వంచి వేసేవారు, కాగితం మీద కూడా నమస్కారం పెట్టినట్టుగా. చివరి సమావేశంలో చర్చ పెద్దగా ఉండదు, అందరికీ తెలిసిన దానిని అందరి ఎదుటా చెప్పుకోవడమే ఉంటుంది. ఇది కాలహరణమని మొదట్లో నాకు విసుగు వచ్చేది. కానీ నిర్ణయం వెలువడిన మరునాడే పని సాఫీగా మొదలవుతుంది, ఎవరూ ‘నాకు చెప్పలేదే’ అని కొర్రీ వేయరు.

ఇంతవరకు వారి ‘అవును’ సంగతి. మన ‘అవును’ దగ్గర ఇంకొక ప్రమాదం పొంచి ఉంది. శుక్రవారానికి అవుతుందా అని అధికారి అడిగితే, ఆయన మొహం చిన్నబుచ్చడం ఇష్టంలేక ‘అయిపోతుందండి’ అనేయడం మనకు మర్యాద. జపానులో తేదీ చెప్పడమంటే మాట ఇవ్వడమే, దాన్ని అక్షరాలా లెక్కలోకి తీసుకుంటారు. కాదనే మాటను ఎంత మెత్తగా చుట్టినా వారికి అభ్యంతరం లేదు కానీ, తప్పిన తేదీకి మెత్తదనం పనిచేయదు. అనుమానం ఉంటే ‘సోమవారం ఉదయం వరకు పట్టవచ్చు, ఏ సంగతీ ఈ బుధవారానికే ఖాయంగా చెబుతాను’ అనండి.

దీనికి తోడ్పడే సూత్రం హోరెన్‌సో. నివేదించడం, తెలియజేయడం, సంప్రదించడం అనే మూడు జపనీస్ మాటల తొలి అక్షరాలను కలిపితే వచ్చిన మాట అది, పలకడానికి వారి పాలకూర పేరులాగే ఉంటుంది. కొత్త ఉద్యోగులకు తొలి నెలలోనే దీన్ని నూరిపోస్తారు. చెడు వార్తను సర్దుకున్నాక చెబుదామని దాచుకోవద్దు. పని సగంలో ఉండగానే, అడగకముందే, రెండు వాక్యాల్లో చెప్పండి.

అభ్యాసం: మీ విభాగంలో వారానికి రెండు సమావేశాలకు బదులు ఒకటి చాలునని మీ ఆలోచన. దాన్ని ఎవరెవరికి, ఏ వరుసలో ముందుగా చెవిన వేస్తారో ఐదు పేర్లు రాసుకొని, మొదటివారితో మాట్లాడే మొదటి వాక్యాన్ని పైకి చదవండి. ఆ వాక్యంలో ‘చేద్దాం’ అనే మాట వచ్చి ఉంటే కొట్టివేసి మళ్లీ రాయండి. ఐదవ పాఠంలో భోజనపు బల్ల దగ్గరి పద్ధతులు చూద్దాం.