ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పడం ఎలా? ముందు “అర్థమైందా” అనడం మానండి

2020 లాక్‌డౌన్‌లో మొదలుపెట్టి ఇప్పటికీ సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్నాను. కొత్తగా దిగేవాళ్లు ఏ ఫోన్ కొనాలి, ఏ లైట్ కొనాలి అని అడుగుతారు. చిక్కు అక్కడ లేదు.

సామాను. ఉన్న ఫోను, మైకున్న ఇయర్‌ఫోన్స్, నల్ల జెల్ పెన్ను, తెల్ల కాగితాలు. గీతల కాగితం వద్దు. భిన్నం గీతా మైనస్ గుర్తూ వాటిలో కలిసిపోతాయి. అడుగు ఎత్తు పుస్తకాల దొంతర మీద ఫోన్ పెట్టి, కెమెరా భాగం అంచు దాటి కింద ఉన్న కాగితాన్ని చూసేలా జరిపి, రెండో చివర మీద ఇంకో పుస్తకం బరువు పెట్టండి. స్టాండ్ అయిపోయింది.

పీపీటీలు వద్దు. లెక్క కళ్లముందు పుట్టాలి, మధ్యలో కొట్టివేతలు ఉండాలి. “ఆన్‌లైన్ క్లాసులో పిల్లల్ని ఎలా కదిలించాలి” అని ఒకసారి మాకు ట్రైనింగ్ ఇచ్చారు. రెండు గంటలు స్లైడ్ తర్వాత స్లైడ్. మధ్యలో నేను లేచి వెళ్లి కుక్కర్ పెట్టుకొచ్చాను, ఎవరికీ తెలియలేదు.

క్లాసు మొదలు. జూమ్ ఉచిత ఖాతాలో గ్రూప్ మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోతుందని అందరూ తిట్టుకుంటారు. నన్నడిగితే అంతకుమించి చెప్పకూడదు. ఫోన్ నాన్నది కాబట్టి సగంమంది షాపుల పేర్లతో వస్తారు. రోల్ నంబర్‌తో పేరు మార్చుకోమనండి. కెమెరా ఆన్ చేయమని పీడించకండి. ఒకే గది ఇళ్లు ఉంటాయి.

ప్రశ్న అడగడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. “అర్థమైందా?” అంటే చాట్‌లో ఒకరు “అర్థమైంది టీచర్” అంటారు. వెనకే ముప్పై “అర్థమైంది టీచర్”లు. మీకు తెలిసింది సున్నా.

తప్పు జవాబు వచ్చినా అది ఎక్కడ పుట్టిందో తెలిసేలా ప్రశ్న ఉండాలి. ఎక్స్ స్క్వేర్ మైనస్ 5 ఎక్స్ ప్లస్ 6 సున్నాకు సమానం, మూలాలు చెప్పమన్నారనుకోండి. 2, 3 సరైన జవాబు. మైనస్ 2, మైనస్ 3 అన్నారంటే కారణాంకాలు సరిగ్గానే చేసి, వాటిని సున్నాకు సమానం చేయకుండా ఆగిపోయారు. 6, మైనస్ 1 అన్నారంటే మూలాల మొత్తం 5 అని చూసుకుని, లబ్ధం గుర్తు వదిలేశారు. రెండు తప్పులకీ మందు వేరు.

అడిగాక నోరు మూసుకోండి. ఇదే కష్టం. బడిలో అయితే వంచిన తలలు కనిపిస్తాయి. ఇక్కడ నల్ల గళ్లు తప్ప ఏమీ ఉండవు. నెట్ పోయిందేమోనని టెన్షన్ వచ్చి, జవాబు మనమే చెప్పేస్తాం. మామూలు తరగతుల్లోనే టీచర్లు ప్రశ్న అడిగి సగటున సెకను మాత్రం ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు మెరుగవుతాయని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు. ఆన్‌లైన్‌లో మూడు చాలవు. గొంతు చేరడానికి కొంత ఆలస్యం, లెక్క చేయడానికి కొంత, టైప్ చేయడానికి కొంత. ఇలాంటి లెక్కకు నేను నిమిషం ఆగుతాను. పక్కన స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టుకుని గుక్కగుక్కగా తాగుతాను; నోట్లో నీళ్లుంటే మాట రాదు. “వినిపిస్తోందా?” అనొద్దు. పదో సెకనులో క్లూ ఇవ్వొద్దు.

ఇక కాపీ సంగతి. మొదటి జవాబు కనబడగానే మిగతావాళ్లు అదే కొడతారు. అందుకని “టైప్ చేయండి, పంపొద్దు” అంటాను. నిమిషం అయ్యాక “ఇప్పుడు పంపండి”. అన్నీ ఒక్కసారి దబదబా పడతాయి. మొదటి వారం ఒకరిద్దరు తొందరపడి పంపేస్తారు. తిట్టకండి, తిడితే రెండో వారం ఎవరూ పంపరు. తప్పు రాసిన పిల్లాడి పేరు చదవొద్దు. “ఐదుగురికి మైనస్ 2, మైనస్ 3 వచ్చింది, ఎక్కడ ఆగారో చూద్దాం” అంటే చాలు.

రంగురంగుల క్విజ్ యాప్‌లు నేను వాడను. నాలుగింట్లో ఒకటి గుడ్డిగా నొక్కినా తగులుతుంది.

హోంవర్క్. రెండే లెక్కలు. నోట్‌బుక్ ఫొటో వాట్సాప్‌లో రాత్రి తొమ్మిదిలోపు పంపమనండి. ఐదు ఇచ్చారంటే ముప్పై మందివి నూటయాభై లెక్కలు, అర్ధరాత్రి దాకా ఫొటోలు జూమ్ చేసుకుంటూ కూర్చునేది మీరే.