తుఫాన్ల నెలలు వస్తున్నాయి, బోటింగ్ చెరువు గట్టు ఒకసారి నడిచి చూడండి

ఆనందపురం, భీమిలి వైపు తోటల్లో బోటింగ్‌కనో చేపలకనో గెడ్డకు (చిన్న వాగుకు) అడ్డంగా మట్టికట్ట వేసుకున్నవాళ్ల కోసం ఇది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫానును విశాఖలో ఎవరూ మర్చిపోలేదు కదా.

అన్నిటికన్నా ముందు అలుగు, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే దారి. చేపలు పోతాయని కట్టిన వల, బోటుకు నీళ్లు చాలవని పేర్చిన ఇసుక బస్తాలు, రెండూ తీసేయండి. వలకు గుర్రపుడెక్క, కొమ్మలు చుట్టుకుంటే అదొక గోడే. నీళ్లు గట్టు మీదుగా పొర్లితే మట్టికట్ట గంటల్లోనే కోసుకుపోతుంది. చేపపిల్లల్ని మళ్లీ వేసుకోవచ్చు.

గట్టు వెనక, నీళ్లు లేని వైపు అడుగున ఊట ఉంటే గాజుగ్లాసులో పట్టి కాసేపు ఉంచండి. తేటగా ఉంటే రోజూ గమనిస్తే చాలు. గ్లాసు అడుగున మట్టి పేరుకుంటే మాత్రం గట్టు లోపల్నుంచి కరుగుతున్నట్టే, వెంటనే ఇంజనీరును పిలవండి. బయటినుంచి బంకమన్ను కొట్టి మూసేయొద్దు, నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది.

గట్టుపైన పల్లాలు పూడ్చి గట్టిగా దిమ్మిస కొట్టించండి. పొర్లడం మొదలయ్యేది అక్కడే.

గట్టు మీద మొలిచిన తుమ్మ, వేప మొక్కలు చిన్నప్పుడే పీకేయండి. పెద్దయ్యాక నరికితే వేళ్లు కుళ్లి సొరంగాలవుతాయి. ఎలుక బొరియలూ అంతే.

తూము (గట్టు కిందుగా నీళ్లు వదిలే దారి) తలుపు ఇప్పుడే తిప్పి చూడండి, వానలో తుప్పు వదలదు. నీళ్లు దించితే మెల్లగా దించండి. ఒక్కసారిగా దించితే తడిసిన లోపలి వాలు జారిపోతుంది.

దిగువన ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు వాచ్‌మన్ దగ్గర కాగితం మీద ఉండాలి.