కాంతి లెక్కలు – 3వ పాఠం: పౌనఃపున్యం నుంచి తరంగదైర్ఘ్యం

గత పాఠంలో ఘాతాంకాలతో భాగహారం నేర్చుకున్నాం. ఈసారి అదే పనిముట్టు. తరంగదైర్ఘ్యం అంటే ఒక అల పొడవు, పౌనఃపున్యం అంటే సెకనుకు వచ్చే అలల సంఖ్య. సూత్రం ఒక్కటే:

తరంగదైర్ఘ్యం = కాంతివేగం ÷ పౌనఃపున్యం

శూన్యంలో కాంతివేగం సెకనుకు 299792458 మీటర్లు. 1983 నుంచి మీటరును నిర్వచించేదే ఈ సంఖ్యతో. కాబట్టి ఇందులో కొలత దోషమన్న మాటే లేదు. చేత్తో చేసే లెక్కలకు 3×10⁸ చాలు.

పౌనఃపున్యం 500 టెరాహెర్ట్జ్ అనుకుందాం. ముందు హెర్ట్జ్‌లోకి మార్చాలి (టెరా అంటే 10¹²): 5×10¹⁴. అంకెలు విడిగా, ఘాతాలు విడిగా చేయండి. 3÷5 = 0.6; 8−14 = −6. వచ్చింది 0.6×10⁻⁶ మీటర్లు, అంటే 600 నానోమీటర్లు (నానో అంటే 10⁻⁹). నారింజ రంగు కాంతి.

ఇదే లెక్క క్యాలిక్యులేటర్‌లో 3×10^8÷5×10^14 అని వరుసగా కొడితే 6×10²¹ వస్తుంది! యంత్రం 5తో భాగించి, ఆ పైన 10¹⁴తో గుణించేస్తుంది. హారం మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టండి. కంటికి కనిపించే కాంతికి జవాబు ఉజ్జాయింపుగా 400–700 నానోమీటర్ల మధ్యే ఉండాలి. లేదంటే ఘాతం ఎక్కడో తప్పింది.

టెరాహెర్ట్జ్‌లో ఇస్తే దగ్గరి దారి ఉంది: 299792ను ఆ సంఖ్యతో భాగిస్తే జవాబు నేరుగా నానోమీటర్లలో వస్తుంది.

3×10⁸ ఎక్కడ చాలదో కూడా చూడాలి. హీలియం-నియాన్ లేజర్ ఎర్రకాంతి పౌనఃపున్యం 473.612 టెరాహెర్ట్జ్. 3×10⁸తో 633.43 వస్తుంది, అసలు విలువతో 632.99. పుస్తకాల్లో మాత్రం 632.8 అని ఉంటుంది. మీ లెక్క తప్పు కాదు, వాళ్లదీ తప్పు కాదు. మీరు కట్టింది శూన్యంలోని విలువ, వాళ్లు ఇచ్చింది గాలిలోది. గాలి వక్రీభవన గుణకం (శూన్యంలో కంటే కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) సుమారు 1.00027, 632.99ను దాంతో భాగించి చూడండి, 632.82 వస్తుంది. ఏ యానకంలోనైనా (కాంతి సాగే పదార్థంలోనైనా) ఇంతే: పౌనఃపున్యం మారదు, వేగం తగ్గుతుంది, దాంతోపాటే తరంగదైర్ఘ్యమూ తగ్గుతుంది. నీటిలో (గుణకం 1.33) మన 600 నానోమీటర్ల కాంతి 451కి కుదించుకుపోతుంది. అంతమాత్రాన అది నీలం అయిపోదు. రంగును నిర్ణయించేది పౌనఃపున్యం.

అభ్యాసం: సోడియం దీపం ఇచ్చే రెండు పసుపు గీతల్లో ఒకదాని పౌనఃపున్యం 508.85 టెరాహెర్ట్జ్. శూన్యంలోనూ నీటిలోనూ దాని తరంగదైర్ఘ్యం కట్టండి. 589.2, 443 నానోమీటర్లకు దగ్గరగా రావాలి. వచ్చే పాఠంలో తరంగదైర్ఘ్యం నుంచి పౌనఃపున్యానికి వెళదాం.