మజిల్‌లోడర్‌కు పాతకాలపు సైట్లు: 3వ పాఠం – గాడిలో ఎక్కించడం

గత పాఠంలో పాత సైట్లు (గురి చూసేందుకు బ్యారెల్ మీద ముందొకటి, వెనకొకటి ఉండే భాగాలు) తీసేసి, బ్యారెల్‌ను చెక్క నుంచి వేరు చేశాం. ఇప్పుడు కొత్తవి ఎక్కిద్దాం. ముందుగా బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో మళ్ళీ చూడండి. మూతి నుంచి మందు, గుండు కూరే తుపాకీలో లోపల ఏముందో పైకి కనపడదు. కూరే కడ్డీని అడుగు తగిలేదాకా దించి, మూతి దగ్గర గీత పెట్టండి. ఆ గీతను మూతికి సరిగ్గా ఉంచి కడ్డీని బ్యారెల్ పక్కన ఆనిస్తే, దాని కొస నిప్పు రంధ్రం దాకా రావాలి. చాలా ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది. అది బయటికొచ్చేదాకా సుత్తి ముట్టుకోవద్దు.

డవ్‌టెయిల్ గాడి పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా ఉంటుంది. సైట్ అడుగు కూడా అదే ఆకారం కాబట్టి పక్క నుంచి దూరుతుందే తప్ప పైకి ఊడదు. ఇప్పుడు దొరికే సైట్లలో చాలావాటికి ఈ వెడల్పు 3/8 అంగుళం, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు. కొత్త సైట్ గాడి కంటే కాస్త పెద్దగా వస్తే సంతోషించండి, అరగదీసుకోవడానికి చోటుంటుంది.

అరగదీసేది ఎప్పుడూ సైట్‌నే, బ్యారెల్‌ను కాదు. సైట్ పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. గాడి లోతు పెరిగితే మాత్రం అక్కడ బ్యారెల్ గోడ పలచబడుతుంది. మందు పేలినప్పుడు ఒత్తిడిని ఆపాల్సింది ఆ గోడే. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

సైట్ అడుగుకు మార్కర్‌తో నల్లరంగు పూసి, వేలితో గాడిలోకి నెట్టి, బయటికి తీయండి. రంగు చెరిగి మెరిసేచోటే బిగుతు. అక్కడ సన్నపళ్ళ ఆకురాయితో రెండు మూడు గీతలు గీసి, మళ్ళీ రంగు పూసి, మళ్ళీ నెట్టి చూడండి. విసుగు పుట్టించే పనే, కానీ ఈ పాఠమంతా ఇందులోనే ఉంది. వేలి బలంతో సైట్ మూడో వంతు నుంచి సగం దాకా దూరితే చాలు, ఆకురాయి పక్కన పెట్టేయండి. మిగతా దూరం ఇత్తడి పంచ్ (సుత్తి దెబ్బను సైట్‌కు చేర్చే చిన్న కడ్డీ), చిన్న సుత్తితో తట్టాలి. షూటర్ వైపు నుంచి చూస్తే కుడి నుంచి ఎడమకు ఎక్కించడం, ఎడమ నుంచి కుడికి తీయడం ఆనవాయితీ. దెబ్బ సైట్ అడుగు మీదే పడాలి. ముందు సైట్ పలచటి రేకుకు తగిలితే అది వంగిపోతుంది. బ్యారెల్‌ను వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) పెట్టేటప్పుడు చెక్కముక్కలో తోలో అడ్డం పెట్టుకోండి.

మరీ వదులైతే గాడి అడుగున పలచటి ఇత్తడి రేకు పరిచి ఎక్కించవచ్చు. గాడి అంచులను సుత్తితో కొట్టి నొక్కే పద్ధతి కూడా ఉంది కానీ, బ్యారెల్ మీద ఆ మచ్చలు శాశ్వతంగా ఉండిపోతాయి కాబట్టి నేను రేకునే ఇష్టపడతాను.

ఎనిమిది పలకల బ్యారెల్‌లో పై పలక మధ్యగీతకు రెండు సైట్లూ సరిపోతే ప్రస్తుతానికి చాలు. అసలు పక్క సర్దుబాటు కాల్చి చూశాకే. గుండు ఎటు వెళ్ళాలో వెనక సైట్‌ను అటే తట్టాలి, ముందు సైట్‌నైతే దానికి ఎదురు వైపు.

ముందు సైట్ రేకును మాత్రం ఇప్పుడే అరగదీయొద్దు, ఎత్తుగానే వదిలేయండి. ఎత్తుగా ఉంటే గుండు కిందకు తగులుతుంది, రేకు తగ్గించిన కొద్దీ పైకి వస్తుంది. తీసిన లోహం మళ్ళీ అతకదు. ఎంత తీయాలో లెక్క ఇది: గురి తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించండి. సైట్ల మధ్య 760 మిల్లీమీటర్లు, లక్ష్యం 50 మీటర్లు, గుండు 75 మిల్లీమీటర్లు కిందకు పడిందనుకుంటే, తీయాల్సింది సుమారు 1.1 మిల్లీమీటర్లు. అయినా ఒక్కసారే అంతా తీయకుండా సగం తీసి మళ్ళీ కాల్చి చూడాలి. ఒక్క గుండును నమ్మొద్దు, మూడు నాలుగు పడ్డ చోటు మధ్యను లెక్కలోకి తీసుకోండి. మందు తూకం, గుండు, ప్యాచ్ (గుండు చుట్టూ పెట్టే గుడ్డముక్క) మార్చకుండా కాల్చే ఆ పద్ధతి 4వ పాఠంలో.