అరబ్ నగరాల కట్టడాలను చదవడం – 3వ పాఠం: కిటికీకి కట్టిన కర్రతెర

కిందటి పాఠంలో ఇంటి మధ్య ఉండే ముంగిలిని గీశాం. ఆ పటంలో ఉత్తరం ఎటో గుర్తు పెట్టని వారు ఇప్పుడు పెట్టండి. ఈ పాఠమంతా దిక్కుల మీదే నడుస్తుంది.

కైరోలో దీన్ని మష్రబియా అంటారు, జెద్దా పాతబస్తీలో రోషన్. వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క కిటికీ, దానికి కర్రముక్కల అల్లిక. మష్రబియా అన్న మాటలో తాగడమనే అర్థం ఉంది. నీళ్ల కూజాలను ఆ గాలి తగిలేచోటే పెట్టేవారట. కుండనీళ్లు ఎరిగిన మనకు ఆ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

కైరోలోని బైత్ అల్ సుహైమీ 1648 నాటి ఇల్లు. ఇలాంటి ఇంటి మేడగదిలో నిలబడి ఈ తెరను చూస్తే, కంటి ఎత్తు వరకు ముక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ సందులు పెద్దవవుతాయి. కింద బిగిస్తే వీధిలోని చూపు, ఎండ రెండూ ఆగుతాయి, కానీ గాలి కూడా తగ్గుతుంది. ఆ లోటును పైసందులు తీరుస్తాయి. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ దీన్ని చక్కగా వివరించారు. ముక్కలు పలకలుగా కాక గుండ్రంగా ఎందుకుంటాయో కూడా ఆయన చెప్పారు. అది చదివి ఒప్పుకోవడం కన్నా చేసి చూడడం మేలు.

పొద్దున్నే తూర్పు కిటికీకి ఒకపక్క నాలుగు పెన్సిళ్లను సందులు వదిలి వరసగా అతికించండి. గుండ్రటివే కావాలి, ఆరుపలకలవి పనికిరావు. పక్కనే అంతే వెడల్పున అట్టముక్కలు అతికించండి. గదిలోంచి చూడండి. అట్టల అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది: ఇటు నలుపు, అటు మిరుమిట్లు. పెన్సిలు మీద వెలుగు ఒంపు తిరిగి మెల్లగా నీడలో కలుస్తుంది, కంటికి గుచ్చుకోదు. ఏటికొప్పాక బొమ్మల్లా ఈ ముక్కలను కూడా తిప్పుతూ గుండ్రంగా తీర్చడం సోకు కోసమే కాదన్నమాట.

ఇక కొత్త కట్టడానికి వద్దాం. దోహా టవర్ 2012లో పూర్తయింది, ఎత్తు 238 మీటర్లు, రూపశిల్పి జాన్ నూవెల్. గుండ్రటి భవనం చుట్టూ అల్యూమినియం జాలీ. ఏ దిక్కున జాలీ ఎక్కువ చిక్కగా ఉండాలి? కింది వాక్యం చదవకముందే కాగితం మీద రాసుకోండి.

దక్షిణం అని రాసిన వారు తప్పారు. ఉత్తరాన మూత సుమారు 25 శాతం, దక్షిణాన 40, తూర్పు పడమరల్లో 60. మధ్యాహ్నపు సూర్యుడు నెత్తిమీద ఉంటాడు, ఆ ఎండ గోడను రాసుకుంటూ కిందికి జారుతుంది. ఉదయం, సాయంత్రం ఎండే అడ్డంగా గదిలోకి దూరేది. అబుదాబిలోని అల్ బహర్ జంట టవర్లకు ఉత్తరాన తెరే లేదు. మిగతా దిక్కుల్లో, ఒక్కో టవర్‌కు వెయ్యికి పైగా గొడుగుల్లాంటి తెరలు సూర్యుడి వెంట తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి.

అయితే ఈ రెండింటిలోనూ తెర వెనక బిగించిన అద్దమే. నీడ మిగిలింది, గాలి పోయింది, కూజాకు చోటు లేదు. నా లెక్కలో ఇవి సగం మష్రబియాలు. ఆ సగమైనా నిజాయితీగా చేశారు. నాలుగు గోడలకూ ఒకే నక్షత్రాల రేకు అంటించిన భవనాల కన్నా ఇవి ఎంతో నయం. ఉత్తరపు గోడకు కూడా అంతే చిక్కటి జాలీ కనిపించిందా, అది వేషమేనని అనుమానించవచ్చు.

ఇంటిపని: గల్ఫ్‌లో ఉన్నవారు తమ వీధిలోని ఒక భవనాన్ని, ఇతరులు దిక్కులు తెలిసిన ఫోటోను ఎంచుకోండి. రెండు ఎదురెదురు గోడల జాలీలను పక్కపక్కన గీసి, సందులకు కొలతలు రాయండి. వాటి వెనక కిటికీ తెరుచుకుంటుందో లేదో కూడా చూడండి.

వచ్చే పాఠం దుబాయి బర్జీల్, అంటే గాలిబురుజు. ఒక అట్టపెట్టె, రెండు అగరువత్తులు సిద్ధంగా ఉంచుకోండి.